వేలి కణుపుల్లో నివురుగప్పిన నిప్పు: చేతి స్కానింగ్ ఏం చెబుతుంది?



"డాక్టరమ్మ గారూ, చేతికి స్కానింగా? అది కడుపుకి కదండీ తీసేది!"

ఓ.పి.లో కూర్చున్న ఒక అమ్మగారు ఈ మాట అడిగి తనే నవ్వేశారు. వయసు అరవై దాటింది. వెంట కూతురు వచ్చింది. రెండు చేతుల వేళ్లకూ గోళ్ల దగ్గరి కణుపులు బుడిపెల్లా లేచాయి. కుడిచేతి చూపుడు వేలు నడిమి కణుపు దగ్గర ఉబ్బి, కొంచెం ఎర్రబారి ఉంది.

"ఎన్నాళ్ల నుంచమ్మా?" అని అడిగాను.

"నాలుగేళ్లయిందండి. ముందు చూపుడు వేలు, తర్వాత ఒక్కొక్కటే. ఎక్స్‌రే తీయిస్తే అరుగుదల అన్నారు. ఈ వయసులో అరగక ఏం చేస్తాయిలే అని ఊరుకున్నాను."

"మందులేమైనా వాడుతున్నారా?"

కూతురు సంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. అందులో మూడు రంగుల మాత్రలున్నాయి. అట్ట లేదు, పేరు లేదు. "మందుల షాపులో ఇచ్చారండి. వేసుకుంటే పూటలో నొప్పి పోతుంది. మానేస్తే రెండో రోజుకల్లా మళ్లీ వస్తుంది. ఆరు నెలల నుంచి ఇవే" అంది.

ముఖం కొంచెం ఉబ్బినట్టుంది. రక్త పరీక్ష చేయిస్తే షుగరు ఎక్కువగా వచ్చింది. ఇదివరకెప్పుడూ షుగరు లేదని చెప్పారు. ఆ మూడు మాత్రల్లో ఒకటి స్టెరాయిడ్ అయి ఉంటుందని అనుమానించడానికి ఈ రెండు గుర్తులూ చాలు.

ఈ వ్యాసంలో వచ్చే ఇద్దరు రోగుల కథలూ ఏ ఒక్కరివీ కావు. ఓ.పి.లో కనిపించే చాలామంది అనుభవాలను కలిపి చెబుతున్నాం. ఇలాంటి చేతులు, ఇలాంటి పొట్లాలు మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో కూడా ఉండవచ్చు. అందుకే ఈసారి ఈ విషయం ఎంచుకున్నాం.

అరుగుదల అంటే అరగడం ఒక్కటేనా?

బొటనవేలు కాకుండా మిగతా నాలుగు వేళ్లకూ మూడేసి కణుపులుంటాయి. పిడికిలి బిగిస్తే ఎత్తుగా కనిపించేది మొదటిది, మధ్యలోది రెండోది, గోటి దగ్గరిది మూడోది. ప్రతి కణుపులోనూ రెండు ఎముకల చివర్లు కలుస్తాయి. ఆ చివర్లకు నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. కీలు మొత్తాన్నీ ఒక సంచి చుట్టి ఉంటుంది. ఆ సంచి లోపలి వైపున ఉండే పల్చటి పొరను సైనోవియం అంటారు. కీలు సాఫీగా కదలడానికి కావలసిన జిగురు ద్రవాన్ని ఊరించేది ఈ పొరే.

ఆస్టియో ఆర్థరైటిస్‌లో మృదులాస్థి పలచబడుతుంది. దాని కింది ఎముక గట్టిపడి, అంచుల్లో చిన్న చిన్న మొలకలు వేస్తుంది. మనకు బయటికి బుడిపెల్లా తగిలేవి ఇవే. గోటి దగ్గరి కణుపుల మీద వచ్చే వాటిని హెబర్డెన్ బుడిపెలు అంటారు. విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు వీటిని వర్ణించాడు. ఆయన వైద్య అనుభవాల పుస్తకం ఆయన మరణానంతరం 1802లో అచ్చయింది. ఈ బుడిపెలకూ గౌట్ జబ్బుకూ సంబంధం లేదని ఆయన ఆనాడే రాశాడు. నడిమి కణుపుల మీద వచ్చే వాటికి బుషార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడి పేరు పెట్టారు. ఈ రెండు చోట్లతో పాటు బొటనవేలి మొదట్లో, మణికట్టును ఆనుకుని ఉన్న కీలులో కూడా ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది.

ఇది మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. ముఖ్యంగా ముట్లు ఆగిపోయే వయసు దాటాక బయటపడుతుంది. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం కూడా ఎక్కువే. కాబట్టి "పని ఎక్కువ చేసి అరగదీసుకున్నాను" అని ఎవరూ తమను తాము నిందించుకోనక్కర్లేదు.

చాలాకాలం వైద్యులు కూడా దీన్ని కేవలం అరుగుదలగానే చూశారు. బండి చక్రం అరిగినట్టు కీలు అరుగుతుంది, చేసేదేమీ లేదు అన్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ అభిప్రాయం మారింది. అరిగిన మృదులాస్థి నుంచి రాలే సన్నటి తునకలు, వెలువడే రసాయనాలు లోపలి పొరను రెచ్చగొడతాయి. అప్పుడు పొర ఉబ్బి మందమవుతుంది. కీలులోకి నీరు చేరుతుంది. పొరలో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. పైకి చూస్తే చల్లారిన పొయ్యిలా ఉంటుంది, లోపల నివురుగప్పిన నిప్పు ఉంటుంది.

ఈ నిప్పు అందరిలోనూ ఉండదు. ఒకే చేతిలో కూడా అన్ని కణుపుల్లో ఉండదు. అందుకే ఏ కణుపులో ఉందో, ఎంత ఉందో తెలుసుకోవడం ఉపయోగం.

ఎక్స్‌రే చాలదా?

జర్మనీలో రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌ కిరణాలను కనుగొన్నప్పుడు తీసిన మొదటి చిత్రాల్లో ఒకటి ఆయన భార్య చేతిదే. వేలి ఎముకలు, ఉంగరం అందులో స్పష్టంగా కనిపిస్తాయి. నూట ముప్పై ఏళ్లు గడిచినా చేతి ఎముకలు చూడటానికి మొదట తీసేది ఎక్స్‌రేనే. ఖర్చు తక్కువ. చేతికి తగిలే రేడియేషన్ కూడా చాలా స్వల్పం.

ఎక్స్‌రేలో ఎముకల మధ్య ఖాళీ ఎంత తగ్గిందో, అంచుల్లో మొలకలు ఎక్కడ వచ్చాయో, ఎముక ఎక్కడ కొరుక్కుపోయిందో తెలుస్తుంది. లోపలి పొర మాత్రం ఎక్స్‌రేకు కనబడదు. నీరు, రక్తనాళాలు కూడా అంతే. ఇల్లు కాలిపోయాక మిగిలిన గోడలను ఎక్స్‌రే చూపిస్తుంది. ఇంకా మండుతోందా, ఆరిపోయిందా అన్నది చెప్పలేదు.

ఎమ్మారై స్కాన్ అన్నీ చూపిస్తుంది. కానీ ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ, అన్ని ఊళ్లలో దొరకదు. ఈ రెండింటికీ మధ్య నిలబడేదే అల్ట్రాసౌండ్, మనం మామూలుగా స్కానింగ్ అనే పరీక్ష.

శబ్దంతో చూడటం ఎలా?

మనిషి చెవి సెకనుకు 20 నుంచి 20,000 ప్రకంపనల వరకు వినగలదు. అల్ట్రాసౌండ్ యంత్రం వాడే శబ్దం సెకనుకు లక్షల్లో, కోట్లలో కంపిస్తుంది. కాబట్టి మనకు వినబడదు. ప్రోబ్ అనే చేతి పరికరం ఈ శబ్దాన్ని ఒంట్లోకి పంపుతుంది. అది ఎముకకో నీటికో పొరకో తగిలి తిరిగి వస్తుంది. ఆ ప్రతిధ్వని ఎంతసేపట్లో, ఎంత బలంగా వచ్చిందో లెక్కగట్టి యంత్రం తెరమీద నలుపు తెలుపుల్లో బొమ్మ గీస్తుంది. బావిలోకి కేకేస్తే తిరిగి వచ్చే శబ్దాన్ని బట్టి లోతు ఊహించినట్టే.

కడుపు స్కానింగ్‌కు సాధారణంగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ శబ్దం వాడతారు. అది లోతుకు వెళుతుంది, కానీ సన్నటి వివరాలు చూపదు. వేలి కణుపు చర్మం కింద కొద్ది మిల్లీమీటర్ల లోతులోనే ఉంటుంది కాబట్టి లోతుతో పనిలేదు, సూక్ష్మంగా కనబడటం ముఖ్యం. అందుకని 12 నుంచి 18 మెగాహెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ శబ్దం పంపే చిన్న ప్రోబ్ వాడతారు. కొన్ని హాకీ కర్ర ఆకారంలో ఉంటాయి. అందుచేత స్కానింగ్ యంత్రం ఉన్న ప్రతిచోటా వేళ్ల స్కానింగ్ కుదరదు. తగిన ప్రోబ్ ఉండాలి, కీళ్లు చూడటంలో తర్ఫీదు పొందిన వైద్యులుండాలి.

ఈ స్కానింగ్‌లో రెండు దశలున్నాయి.

మొదటిది నలుపు తెలుపు బొమ్మ. ఇందులో లోపలి పొర ఎంత మందమైందో, నీరు చేరిందో లేదో, ఎముక అంచున మొలకలున్నాయో తెలుస్తుంది.

రెండోది పవర్ డాప్లర్. రైలు మన వైపు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడం మీరు గమనించే ఉంటారు. కదిలే వస్తువు వల్ల శబ్దంలో వచ్చే ఈ మార్పును ఆస్ట్రియా శాస్త్రవేత్త డాప్లర్ 1842లో వివరించాడు. కీలు పొరలో రక్తం పారుతుంటే దాని నుంచి తిరిగి వచ్చే శబ్దంలోనూ ఈ మార్పు ఉంటుంది. యంత్రం దాన్ని పట్టుకుని తెరమీద ఎర్రటి, నారింజ రంగు చుక్కలుగా చూపుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణుపు పొరలో ఇలాంటి చుక్కలు సాధారణంగా కనబడవు. చుక్కలు కనబడ్డాయంటే అక్కడ వాపు చురుకుగా ఉన్నట్టు.

వైద్యులు ప్రతి కణుపుకూ 0 నుంచి 3 వరకు గ్రేడు వేస్తారు. 0 అంటే ఏమీ లేదు, 1 స్వల్పం, 2 మధ్యస్థం, 3 తీవ్రం. పొర మందానికి ఒక గ్రేడు, డాప్లర్ రంగుకు ఇంకో గ్రేడు విడివిడిగా ఇస్తారు. రిపోర్టులో ఈ అంకెలు చూసి కంగారు పడకండి. ఇవి మార్కులు కావు. తర్వాత ఎప్పుడైనా మళ్లీ స్కానింగ్ చేస్తే పోల్చి చూడటానికి పనికొస్తాయి.

పరీక్ష ఎలా జరుగుతుంది?

పరగడుపున రానక్కర్లేదు. నీళ్లు తాగి ఉండనక్కర్లేదు. ఉంగరాలు, గాజులు తీసి బల్లమీద చెయ్యి చాపితే చాలు. చర్మం మీద చల్లటి జెల్ రాసి, ప్రోబ్‌ను ఒక్కో కణుపు మీద మెల్లగా కదుపుతారు. రెండు చేతులకూ కలిపి ఇరవై నిమిషాలు, అరగంట పట్టవచ్చు. సూది ఉండదు, రేడియేషన్ ఉండదు.

మూడు విషయాలు గుర్తుంచుకోండి.

చేతులు చల్లబడితే రక్తప్రసారం తగ్గి డాప్లర్ చుక్కలు సరిగా కనబడకపోవచ్చు. చలికాలంలో వస్తే కాసేపు కూర్చుని చేతులు వెచ్చబడ్డాకే పరీక్షకు వెళ్లండి.

ప్రోబ్ గట్టిగా నొక్కినా సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి రంగు మాయమవుతుంది. అందుకే స్కానింగ్ చేసేవారు తాకీ తాకనట్టు పెడతారు. "సరిగా చూడటం లేదేమో" అనుకోకండి.

నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు వాడుతుంటే లోపలి వాపు తగ్గి కనిపించవచ్చు. కాబట్టి ఏం వాడుతున్నారో దాచకుండా చెప్పండి. పరీక్ష కోసమని మీ అంతట మీరు ఏ మందూ మానకండి.

ఇంకొక సందేహం కూడా చాలామంది అడుగుతారు. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని మన దేశంలో 1994 నాటి చట్టం నిషేధించింది. ఆ చట్టం కిందే స్కానింగ్ యంత్రాలను నమోదు చేయించాలి. చేతి స్కానింగ్‌కు ఆ విషయంతో ఏ సంబంధమూ లేదు. కానీ యంత్రం అదే కాబట్టి దాన్ని ఇష్టమొచ్చినట్టు ఊళ్లకు మోసుకెళ్లడం కుదరదు. వైద్య శిబిరంలో చేతి స్కానింగ్ ఎందుకు చేయరని అడిగేవారికి ఇదీ ఒక జవాబు.

ఒకేలాంటి చేతులు, వేరువేరు బొమ్మలు

మొదట చెప్పిన అమ్మగారికి స్కానింగ్ చేయించాం. చూపుడు వేలి నడిమి కణుపులో పొర మందం 2, డాప్లర్ కూడా 2 వచ్చింది. మధ్యవేలి చివరి కణుపులో కొద్దిగా రంగు కనిపించింది. మిగతా కణుపుల్లో బుడిపెలున్నాయి గానీ వాపు లేదు. ఆరు నెలలుగా ఆ పొట్లం మాత్రలు వేసుకుంటూ ఉండగానే ఇంత కనిపించిందని గుర్తుంచుకోవాలి.

అదే వారం ఒక మాస్టారు గారు వచ్చారు. స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు, గుడిలో హార్మోనియం వాయిస్తారు. ఆయన వేళ్లు అమ్మగారి వేళ్లకంటే వంకరగా, బుడిపెలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. "ఇది కీళ్లవాతమేనా డాక్టరు గారూ? మా తమ్ముడికి అదే వచ్చి చేతులు పడిపోయాయి. నా హార్మోనియం సంగతి ఏమిటి?" అని భయంగా అడిగారు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటాయి గానీ పది నిమిషాల్లో వదులవుతాయట. రక్త పరీక్షల్లో కీళ్లవాతం గుర్తులు లేవు. స్కానింగ్‌లో అన్ని కణుపుల్లోనూ ఎముక మొలకలు ఉన్నాయి, డాప్లర్‌లో మాత్రం ఎక్కడా రంగు లేదు.

చూపుకు మాస్టారి చేతులే ఎక్కువ పాడైనట్టున్నాయి. లోపల వాపు రగులుతున్నది అమ్మగారి వేళ్లలో. బుడిపె ఎంత పెద్దదో దాన్ని బట్టి వాపును అంచనా వేయలేమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. మాస్టారికి గట్టి మందులేవీ అవసరం లేదని ధైర్యంగా చెప్పగలిగాం. వేళ్ల వ్యాయామాలు నేర్పించి పంపాం. హార్మోనియం మానవద్దని, మధ్యమధ్యలో వేళ్లకు విశ్రాంతి ఇమ్మని చెప్పాం.

ఇది కీళ్లవాతం కాదని ఎలా తెలుస్తుంది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను మన వైపు కీళ్లవాతం అంటారు. అది వేరే జబ్బు, దాని చికిత్స వేరు. తేడాలు ఇవి:

- కీళ్లవాతం ఎక్కువగా పిడికిలి కణుపులకు, నడిమి కణుపులకు, మణికట్టుకు వస్తుంది. గోటి దగ్గరి కణుపులను సాధారణంగా వదిలేస్తుంది. ఆస్టియో ఆర్థరైటిస్‌లో గోటి దగ్గరి కణుపులే ముందుంటాయి.
- పొద్దున బిగుతు కీళ్లవాతంలో గంటకు పైగా ఉండవచ్చు. ఆస్టియో ఆర్థరైటిస్‌లో అరగంట లోపే తగ్గుతుంది.
- కీళ్లవాతంలో వాపు ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది. ఆస్టియో ఆర్థరైటిస్ బుడిపె ఎముకలా గట్టిగా తగులుతుంది.
- కీళ్లవాతంలో ఆర్.ఎఫ్., యాంటీ సి.సి.పి. అనే రక్త పరీక్షలు చాలామందిలో పాజిటివ్ వస్తాయి, అందరిలోనూ కాదు.

సోరియాసిస్ ఉన్నవారికి గోటి దగ్గరి కణుపులు వాచవచ్చు. గౌట్ కూడా వేళ్లకు రావచ్చు. లక్షణాలు మామూలుగా లేనప్పుడు, రకం తేల్చుకోవడానికి స్కానింగ్ బాగా సాయపడుతుంది.

పరిశోధనలు ఏం తేల్చాయి?

చేతి ఆస్టియో ఆర్థరైటిస్‌కు స్కానింగ్ గ్రేడులు ఎలా వేయాలో పరిశోధకులు 2008లో ఒక ప్రాథమిక పద్ధతి ప్రచురించారు. అక్కడి నుంచి పరిశోధనలు వేగం పుంజుకున్నాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో రోగులను రెండేళ్లకు పైగా గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. స్కానింగ్‌లో వాపు కనిపించిన కణుపులు మిగతా వాటికంటే ఎక్కువగా దెబ్బతిన్నాయి. నార్వేలోని ఓస్లోలో ఐదేళ్లు గమనించి 2016లో ప్రకటించిన ఫలితాలూ ఇదే దారిలో ఉన్నాయి. అంటే ఈ వాపు కేవలం నొప్పి విషయం కాదు. ముందు ముందు ఏ కణుపు పాడవుతుందో అది కొంతవరకు సూచిస్తుంది.

మరి ఆ వాపును తగ్గిస్తే మేలు జరుగుతుందా? నెదర్లాండ్స్ వైద్యులు స్కానింగ్‌లో వాపు ఉన్నవారినే ఎంచుకుని, 92 మంది మీద ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. సగంమందికి రోజుకు 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ స్టెరాయిడ్‌ను ఆరు వారాలు ఇచ్చారు, మిగతావారికి మందు లేని మాత్ర ఇచ్చారు. నొప్పిని వందకు కొలిస్తే, మందు వేసుకున్నవారిలో 16.5 పాయింట్లు అదనంగా తగ్గింది. ఇది మంచి ఫలితమే. కానీ మందును మెల్లగా తగ్గించి ఆపాక రెండు వర్గాల మధ్య తేడా లేకుండా పోయింది.

షాపు పొట్లం పూటలో ఎందుకు పనిచేస్తుందో, మానగానే నొప్పి ఎందుకు తిరిగి వస్తుందో ఇప్పుడు అర్థమైందా? స్టెరాయిడ్ నిప్పు మీద నీళ్లు చల్లుతుంది, పొయ్యిని తీసేయదు. వైద్యుల పర్యవేక్షణలో ఆరు వారాలు వాడటం వేరు, ఏళ్ల తరబడి పేరు తెలియని పొట్లంలో మింగడం వేరు. అలా మింగితే షుగరు, బీపీ పెరుగుతాయి. ఎముకలు గుల్లబారతాయి. కంటిలో శుక్లాలు వస్తాయి. క్షయ లాంటి జబ్బులు సులువుగా అంటుకుంటాయి.

కీళ్లవాతానికి వాడే మందులు ఇక్కడ పనిచేస్తాయా అని కూడా చూశారు. ఇంగ్లండులో 248 మందితో చేసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. మందు లేని మాత్రకంటే అది మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. ఆస్ట్రేలియాలో ఎమ్మారైలో వాపు కనిపించిన 97 మందితో చేసిన మెథోట్రెక్సేట్ పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. ఆరు నెలల్లో నొప్పి కొంత ఎక్కువగా తగ్గింది. ఈ మందును వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకని డాక్టరు చెప్పకుండా దాని జోలికి పోవద్దు.

స్కానింగ్ చెప్పలేనివి

స్కానింగ్ నొప్పిని కొలవదు. వాపు కనిపించినా నొప్పి లేనివారున్నారు, వాపు లేకపోయినా బాధపడేవారున్నారు. చూసేవారి అనుభవాన్ని బట్టి ఫలితం కొంత మారుతుంది. స్కానింగ్‌లో వాపు ఉన్నంత మాత్రాన ఫలానా మందు తప్పక పనిచేస్తుందని కూడా చెప్పలేం.

యూరప్ కీళ్ల వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సలహాల ప్రకారం, లక్షణాలు స్పష్టంగా ఆస్టియో ఆర్థరైటిస్‌వే అయితే రోగ నిర్ధారణకు ఏ ఫోటో పరీక్షా తప్పనిసరి కాదు. డాక్టరు చేత్తో పట్టుకుని చూడటమే చాలు. కాబట్టి ఈ వ్యాసం చదివి అందరూ స్కానింగ్ రాయమని అడగనక్కర్లేదు. ఇది ఎవరికి ఉపయోగమంటే: ఒకటి రెండు కణుపులు మిగతా వాటికంటే ఎక్కువగా ఎర్రబడి వాచినవారికి, కీళ్లవాతమేమోనని సందేహం ఉన్నవారికి, మామూలు చికిత్సతో తగ్గనివారికి, కణుపులోకి ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

- గోరువెచ్చని నీళ్లలో పొద్దున పది నిమిషాలు చేతులు ఉంచి, నీళ్లలోనే వేళ్లు మెల్లగా ముడిచి చాపండి. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారు నీళ్ల వేడిని ఇంట్లో వేరొకరి చేత చూపించుకోండి.
- బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే స్ప్లింట్ అనే పట్టీ వాడండి. వారం రోజుల్లో తేలదు, కొన్ని నెలలు ఓపికగా వాడాలి.
- నొప్పికి ముందు పైపూత జెల్ వాడండి. మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలకు, కడుపుకు హాని చేయవచ్చు. డాక్టరు చెప్పినన్ని రోజులే వేసుకోండి.
- తడి బట్టలు మెలిపెట్టి పిండకండి, కొళాయి గొట్టానికి చుట్టి నీళ్లు ఓడ్చండి. సీసా మూతలకు తడిగుడ్డ చుట్టి అరచేత్తో తిప్పండి. బిందెను వేళ్లతో వేలాడదీయకుండా రెండు చేతులతో ఎత్తండి. గరిటెలకు, చాకు పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకోండి.
- కొబ్బరి కోరడం, పిండి కలపడం లాంటి పనులు ఒకే దఫాలో కాకుండా విరామం ఇచ్చి చేయండి. ఇంట్లో మగవాళ్లు, పిల్లలు కూడా ఒక చెయ్యి వేయవచ్చు.

మీ ప్రశ్నలు

*బుడిపెలు కరిగిపోయే మందు ఉందా?*
లేదు. ఎముక మొలకలు మందులతో కరగవు. కొత్తగా లేచేటప్పుడు ఉండే నొప్పి చాలామందిలో కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుంది.

*మా అమ్మ షాపు మాత్రలు ఏడాది నుంచి వేసుకుంటోంది. ఈరోజే ఆపేయమంటారా?*
వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా ఆపడం ప్రమాదం. ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి కళ్లు తిరగడం, వాంతులు, బీపీ పడిపోవడం జరగవచ్చు. మాత్రలు పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి రండి. మెల్లగా తగ్గిస్తారు.

*ఏ గుర్తులుంటే ఆలస్యం చేయకూడదు?*
ఒకే కణుపు ఒకటి రెండు రోజుల్లో బాగా ఎర్రబడి, వేడిగా వాచి, జ్వరం వస్తే ఆరోజే చూపించండి. అది చీము కావచ్చు. పొద్దున బిగుతు గంట దాటుతున్నా, పిడికిలి కణుపులు, మణికట్లు వాస్తున్నా త్వరగా రండి.

ఆ అమ్మగారు ఇప్పుడు

స్టెరాయిడ్‌ను కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గిస్తూ ఆపాం. ఆ రోజులు ఆమెకు కష్టంగానే గడిచాయి, నొప్పి తిరిగి వచ్చింది. పైపూత జెల్, వేలికి రాత్రిపూట పట్టీ, గోరువెచ్చని నీళ్ల వ్యాయామం మొదలుపెట్టాం. చూపుడు వేలి కణుపులోకి ఒక ఇంజెక్షన్ సంగతి ఆలోచిద్దామంటే, "ముందు ఇవి చేసి చూస్తానండి" అన్నారు. అలాగే కానిచ్చాం.

మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు షుగరు దిగింది, ముఖం మామూలైంది. నొప్పి పూర్తిగా పోలేదు, బుడిపెలు అలాగే ఉన్నాయి. కానీ ఆదివారం పాటల పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడగలుగుతున్నానని చెప్పారు. మళ్లీ స్కానింగ్ చేస్తే ఆ కణుపులో డాప్లర్ 1కి దిగింది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మా వీధిలో ఇంకో ముగ్గురు అదే పొట్లం వేసుకుంటున్నారండి" అన్నారు.

"వాళ్లనీ తీసుకురండమ్మా, పొట్లంతో సహా" అన్నాను.

మీకూ అదే మాట చెబుతున్నాం. "అరుగుదలే కదా" అని వదిలేయకండి, పేరు తెలియని మాత్రతో కప్పిపుచ్చకండి. ఒకసారి చేతులు చూపించుకోండి.